ఫుల్ హెచ్‌డీలో మిరప కళ్లం

జయప్రకాశ్‌కు రెండు పొలాలు. ఒకటి దమ్మపేట అవతల, అడవి అంచున ఉంది. తాతగారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి కొన్న నేల. అందులో పామాయిల్ తోట, దాని పక్కన యాసంగి వరి, ఆ రెండింటి మీదా పట్టా పాసుపుస్తకం ఉన్నట్టు తిరిగే అడవిపందులు. రెండో పొలం ల్యాప్‌టాప్‌లో ఉంది. అందులో గోధుమలు, ముఖం చూసుకోవచ్చుననిపించేంత మెరిసే ఆకుపచ్చ ట్రాక్టరు, అడిగినప్పుడల్లా వాన. పందులు లేవు, పురుగు లేదు, యూరియా కోసం చెప్పులు వరసలో పెట్టి నిలబడే పని లేదు. మొదటి పొలాన్ని భార్య పుష్పలత చూసుకుంటుంది. రెండోదాన్ని జయప్రకాశ్ చూసుకుంటాడు. చూసుకోవడంతో ఆగడు, లోకానికి చూపిస్తాడు.

చూపించడమే అసలు జబ్బు. ఆ ట్రాక్టరు ఆట ఆడుతూ, మూలన చిన్న చదరంలో తన ముఖం కూడా కనిపించేలా కెమెరా పెట్టి, నోటికొచ్చిన కబుర్లన్నీ చెబుతూ లైవు ఇస్తాడు. ఛానల్ పేరు 'జేపీ వ్యూసాయం'. వ్యవసాయంలో వ్యూ కలిపితే వ్యూసాయం, అన్నదాతకు నెట్టు కలిపితే డేటాదాత అని, తన మాటకు తనే పొట్ట పట్టుకొని నవ్వుకున్నాడు మొదటిరోజు. పుష్పలత నవ్వలేదు. వ్యూ మీదీ, సాయం నాదీనా అండీ అని మాత్రం అడిగి, కొడవలి తీసుకొని వెళ్లిపోయింది. మర్నాటి లైవులో ఆ మాటను కూడా తన జోకుగానే వాడేసుకున్నాడు.

చూసేవాళ్లు పెద్దగా లేరు. ఉన్నవాళ్లలో సగం సత్తుపల్లి వైపు బంధువులు, వాళ్లు పండక్కి ఎదురుపడితే మాటొస్తుందని చూసేవాళ్లు. నోటికి లోటు లేదు, లోటంతా బొమ్మకే. ట్రాక్టరు కదిలితే చాలు, బొమ్మంతా గళ్లుగళ్లుగా విడిపోయి పేలాలు వేగినట్టు ఎగిరేది. పిక్సెళ్లు అనేవారు వాటిని. వాటిని చూస్తే పిచ్చెక్కేది గనక పిచ్చెళ్లు అనడమే సబబని జేపీ సిద్ధాంతం. మాట ముందు, పెదవి వెనక. మధ్యలో గుండ్రంగా తిరిగే చక్రం ఒకటి, ఎద్దు లేని గానుగలాగా.

అలాంటి రోజుల్లో రూప్‌సింగ్ ఫోన్ చేశాడు. ఖమ్మంలో ఉంటాడు, ఇదే ఆట ఆడుతూ వేలమందిని వెనకేసుకున్న కుర్రాడు. నీ మాట మస్తుంటది అన్నా, బొమ్మ మాత్రం మజ్జిగల ముంచి తీసినట్టున్నది అన్నాడు. ఆదివారం తన లైవు అయిపోగానే, చూస్తున్న జనాన్నంతా అట్లనే జేపీ ఛానల్ మీదికి మళ్లిస్తానన్నాడు. కానీ బొమ్మ సాఫుగా ఉండాలి, మసకగా ఉంటే వచ్చినోళ్లు వచ్చినట్టే పోతారు, తన పరువూ పోతుంది అన్నాడు.

సెట్టింగులు కూడా వాడే చెప్పాడు. నీ నెట్టు పైకి ఎంత మోస్తదో ముందు కొలుచుకో, దానికంటే కొంచెం తక్కువే పెట్టుకో అన్నాడు. ఏడువందల ఇరవై క్వాలిటీ, సెకనుకు ముప్పై ఫ్రేములు, బిట్‌రేటు నడిమి తరగతి. అడవి పక్కనోళ్లకు అది చాలన్నాడు. జేపీకి ఖమ్మం మార్కెట్లో మిర్చి రేటు తెలుసుగాని బిట్‌రేటు తెలియదు. అదేమి రేటని అడిగితే రూప్‌సింగ్ రైతుకు అర్థమయ్యేలా చెప్పాడు.

"రెండంగుళాల పైపుల నాలుగంగుళాల నీళ్లు పోతయా అన్నా? ఒత్తిడికి జాయింటు ఊడుతది. గిది గూడ గంతే."

అర్థమైంది. నచ్చలేదు. ఏడువందల ఇరవై అన్న మాట ఆయన చెవికి మెట్ల మీద కూర్చుని బస్సు ప్రయాణం చేయమన్నట్టు వినిపించింది. పైన వెయ్యిన్ని ఎనభై ఉంది, అరవై ఫ్రేములున్నాయి. సెకనుకు అరవై. పెళ్లయిన కొత్తలో కూడా అన్ని ప్రేమలు కురిపించినవాడు కాదు. అయినా అన్నీ కావాలనిపించింది. హెచ్‌డీ అంటే హెచ్చు డాబు, దాన్ని ఫుల్లుగా చూపించాలి. వేలమంది మొదటిసారి తన ముఖం చూడబోతుంటే మధ్యతరగతి ముఖంతో కనబడటమా?

ఇంట్లో ప్రయత్నించాడు. వెయ్యిన్ని ఎనభైలో ట్రాక్టరు కదలనేలేదు. డాబా ఎక్కాడు, కదిలి ఆగింది. చివరికి పొలం మూలనున్న మంచె ఎక్కి చూశాడు. పందుల కావలికని వేసిన మంచె అది, చుట్టుపక్కల సిగ్నల్ బాగా తగిలేది అక్కడే. అయితే ల్యాప్‌టాప్‌కు నెట్టు ఇచ్చే తన ఫోనులోని సిమ్ముకు అక్కడ కూడా సగం గీతలే. గీతలన్నీ నిండుగా వచ్చేది వేరే కంపెనీకి. ఆ కంపెనీ సిమ్ము ఒక్కటే ఉంది వాళ్లింట్లో. అది మోటారుది.

ఆ ఊళ్లో మోటార్లకు కూడా ఫోన్ నంబర్లుంటాయి. బోరు దగ్గరి స్టార్టరు డబ్బాలో ఒక సిమ్ము వేసి ఉంచుతారు. రైతు ఇంటి మంచం మీద నుంచి ఆ నంబరుకు ఫోన్ చేసి ఒక అంకె నొక్కితే మోటారు తిరుగుతుంది, ఇంకో అంకె నొక్కితే ఆగుతుంది. పాము భయం లేదు, చీకట్లో గట్ల మీద నడక లేదు. జేపీ అయితే మోటారు ముఖం చూసి నెలలైంది. ఫోన్ తీస్తే తిరుగుతుంది, ఫోన్ తీస్తే ఆగుతుంది. కట్టుకున్న భార్య కూడా అంత మాట వినదని లైవులో ఎన్నోసార్లు అన్నాడు.

ఆదివారం పొద్దున పుష్పలత సత్తుపల్లిలో చెల్లెలి సీమంతానికి బయలుదేరింది. మోటారు తిరుగుతోందని, కింది మడి నిండగానే ఆపమని, మరిచిపోతే నీళ్లు గట్టు పొర్లి జంపక్క కళ్లంలోకి పోతాయని చెప్పింది. బస్సెక్కాక ఫోన్ చేసి మళ్లీ చెప్పింది. ఆపడానికి ఎంతసేపు, ఫోన్ నొక్కితే ఆగదా అన్నాడు జేపీ.

జంపక్కది వీళ్ల పొలానికి దిగువనే ఉన్న మెట్ట చెలక. కోయ గూడెంలో ఉంటుంది, భర్త భీమయ్య కూలికి పోతే చెలక పని మొత్తం తనే చేసుకుంటుంది. ఆ ఏడు మిరప వేసింది. నల్లి పురుగు తగిలినప్పుడు ఆకు ఆకునూ తిరగేసి చూసింది, కాయ పండాక కోసి, చెలక ఒడ్డున నేల అలికి కళ్లం చేసి ఆరబోసింది. ఆ ఆదివారానికి కాయ దాదాపు ఎండింది. చేతిలోకి తీసుకొని ఊపితే లోపలి గింజ గలగలమనే దశ. ఎర్రగా, నిగనిగలాడుతూ, పొలం మధ్యలో పెళ్లిపందిరి వేసినట్టుంది. ఇంక రెండు ఎండలు చూసి బస్తాల్లో తొక్కడమే.

అది ఇప్పపూల కాలం. పూలు తెల్లారకట్ల రాలతాయి, ఎండెక్కేలోపు ఏరుకోవాలి. జంపక్క బుట్ట నెత్తిన పెట్టుకొని అడవికి పోతూ, మంచె మీద వైర్లు సర్దుకుంటున్న జేపీని చూసి ఆగింది.

"జేపీ బాబు, ఈడనే ఉంటవా పగటీలిదాక?"

"ఇక్కడే ఉంటా అక్కా. లైవు ఉంది."

"అయితే నా కళ్లం మీద గింత కన్నేసి ఉంచు. మేకలొస్తయి, పందులొస్తయి. నువ్వున్నవంటే నాకు రంది లేదు."

చూస్తానన్నాడు. నిండు మనసుతోనే అన్నాడు. ఆమె అడవిలోకి నడిచిపోయింది.

ఆమె అటు పోగానే ఆయన మోటారు కొట్టానికి పోయాడు. మోటారు తిరుగుతూనే ఉంది, మడి ఇంకా సగమే నిండింది. ఆపితే పుష్పలత సాధిస్తుంది, ఇంకాసేపు తిరగనివ్వాలి. స్టార్టరు డబ్బా మూత తీసి, సిమ్ము ఊడబీకి, తన ఫోనులో రెండో అరలో వేసుకున్నాడు. మోటారు ఆపే ఎర్రమీట వేలికి అందేంత దూరంలోనే ఉంది. దాని అవసరమేముంది, నిండగానే ఫోన్ చేసి ఆపేద్దామనుకుంటూ వచ్చేశాడు. చెవి కోసి జేబులో వేసుకొని, పిలిస్తే పలుకుతుందిలే అనుకున్నట్టు. ఫోనుతో మోటారును ఆడించడానికి అలవాటుపడ్డ చేతికి, ఆ చేత్తోనే ఏం తీసిందో తట్టలేదు.

మంచె మీద ఆ రోజు స్వర్గమే. గీతలన్నీ నిండుగా వచ్చాయి. వెయ్యిన్ని ఎనభై, అరవై ఫ్రేములు, బిట్‌రేటు పైమెట్టు. గోధుమ కంకి మీది నూగు కూడా కనిపించింది. మూల చదరంలో జేపీ ముఖం, దాని వెనక పచ్చటి వరి, ఆ వెనక ఎర్రటి కళ్లం. ఇన్నాళ్లూ వెనక ఉన్నదంతా పచ్చడి కలిపినట్టు ఒకటే మరక. ఇవాళ ఒక్కో మిరపకాయ తొడిమెతో సహా కనపడుతోంది. రోజూ చూసే బంధువులే ముందు ముక్కున వేలేసుకున్నారు. బావా, నీకు పుట్టుమచ్చ ఉందా అని ఒక మరదలు రాసింది. వెనక ఆ ఎర్ర తివాచీ ఏంటి సార్ అని ఎవరో అడిగారు. మన మిర్చి, మన ఖమ్మం, చూసి కళ్లు మండితే బాధ్యత ఛానల్‌ది కాదు అన్నాడు. మన మిర్చి అన్నాడు. జంపక్క పేరు చెప్పలేదు.

కొంతసేపటికి పుష్పలత చెప్పింది గుర్తొచ్చింది. ఒక చేత్తో ట్రాక్టరు తోలుతూనే, ఇంకో చేత్తో ఫోన్ తీసి మోటారు నంబరు నొక్కాడు. ఎంగేజ్ అని వచ్చింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ ఎంగేజ్. మోటారు ఎవరితో మాట్లాడుతోందిరా నాయనా, దీనికి కూడా ఎఫైర్లా అని లైవులోనే అనేసి నవ్వించాడు. ఆ నంబరు ఉన్నది ఆ ఫోనులోనే. తన ఫోనుకు తనే ఫోన్ చేసుకుంటున్నాడు. పైగా కాల్ కలిపినప్పుడల్లా నెట్టు వణికి ట్రాక్టరు ఆగి ఆగి కదులుతోంది. అసలు జనం వచ్చే వేళ. తర్వాత చూద్దామని ఫోన్ బోర్లించి పెట్టాడు.

అప్పుడే రూప్‌సింగ్ మాట నిలబెట్టుకున్నాడు.

చూసేవాళ్ల అంకె ఒక్కసారిగా పొంగింది. కామెంట్లు చదవడానికి వీల్లేనంత వేగంగా పరుగెత్తాయి. జేపీ నోటికి కూడా గేర్లు పడ్డాయి. కోత పందెం పెట్టాడు, సమయం దాటేలోగా మొత్తం పొలం కోసి చూపిస్తానన్నాడు. జనం లెక్కపెడుతున్నారు. సాలు వెంట సాలు పడిపోతోంది. జన్మలో ఇంతమంది ఆయన మాటకు నవ్వలేదు. పెళ్లిలో కూడా భోజనాలకే వచ్చారు.

ఆ కామెంట్ల వరదలో ఒకటే మాట పదేపదే తేలడం మొదలుపెట్టింది. అన్నా వెనక నీళ్లు. సార్ నీళ్లు. వెనక చూడండి.

ఆయన చూశాడు.

మెడ పూర్తిగా తిప్పి చూశాడు. కింది గట్టు మీదుగా నీళ్లు పొర్లుతున్నాయి. సన్నగా, తొందరేమీ లేకుండా, అలికిన నేల మీద నాలుక చాపినట్టు పాకి, ఎరుపు అంచును అప్పుడే తాకుతున్నాయి. ఆ ఒక్క చూపులోనే అంతా తెలిసింది. సిమ్ము ఎక్కడుందో తెలిసింది, మోటారు ఎందుకు పలకలేదో తెలిసింది, అవి ఎవరి కాయలో తెలిసింది. ఇప్పుడు దూకితే గట్టుకు మట్టి వేయొచ్చు, అంచున ఉన్న కాయను పైకి లాగొచ్చు. తడిసేది చాటెడు.

తిరిగి తెర వైపు తిరిగాడు. కోయాల్సింది ఇంకా నాలుగైదు సాళ్లే మిగిలాయి. జనం అరుస్తున్నారు. ఇవి కోసేసి దిగుదాం అనుకున్నాడు. అనుకొని ఊరుకున్నా సరిపోయేది. నోరు ఊరుకోలేదు.

"నీళ్లకు కూడా మన లైవు చూడాలని ఉందండోయ్. రానివ్వండి, రానివ్వండి."

నవ్వే బొమ్మలు తెర నిండా ఎగిరాయి.

ఆ సాళ్లు కోశాడు. గెలిచాడు. గెలిచినందుకు చేతులెత్తి, అందరికీ పేరుపేరునా దండాలు పెట్టి, అప్పుడు దిగాడు. దిగి, కొట్టం దాకా పరుగెత్తి ఎర్రమీట నొక్కి, అక్కణ్నించి కళ్లం దాకా పరుగెత్తే సరికి నడిమి దాకా నీళ్లు నిలిచాయి. కాయలు తేలుతున్నాయి. చొక్కా విప్పి దాంట్లోకి ఎత్తాడు, చేతులతో తోడాడు. ఏ చేత్తో తోడినా వచ్చేది ఎర్ర బురద. చేతులు మండాయి, తుడుచుకోబోయి కళ్లలో పెట్టుకున్నాడు, కళ్లు మండాయి.

జంపక్క ఇప్పపూల బుట్టతో వచ్చేసరికి ఆయన అలా ఉన్నాడు. ఒంటి మీద చొక్కా లేదు, కళ్ల వెంట ధారలు. ఆమె బుట్ట దించింది. కళ్లం చుట్టూ ఒకసారి తిరిగింది. ఏమైంది బాబు అంది.

"స్టార్టరు డబ్బా పాడైంది అక్కా. ఫోన్ చేస్తే ఆగలేదు."

అందులో రెండో ముక్క నిజమే. అబద్ధానికి ఒక నిజం తోడిచ్చి పంపితే నిటారుగా నడుస్తుంది. జంపక్క నమ్మింది. నమ్మి ఊరుకున్నా బాగుండేది. ఆయన కళ్ల నీళ్లు చూసి, అవి మిరపకాయ నీళ్లని తెలియక, ఏడ్వకు బాబు, మిషినీకి ఏం తెలుస్తది, నువ్వు ఉన్నవు గావట్టి గీ మాత్రమన్న మిగిలింది అంది. కొంగుతో ఆయన మొహం తుడవబోయింది. జేపీ వెనక్కి జరిగాడు. ఒళ్లంతా బురద అక్కా అన్నాడు.

పొద్దుగూకేదాకా ఆమెతో కలిసి తడి కాయ ఎత్తి మెరక మీద పలచగా పరిచాడు. పని చేస్తున్నంతసేపూ ఆమె ఆయన్ను మెచ్చుకుంటూనే ఉంది. పెద్ద రైతు అయ్యుండి తనతో సమానంగా వంగాడని దారిన పోయే వాళ్లతో కూడా చెప్పింది. ఒక్కో మెచ్చుకోలు ఒక్కో కొరడా. వంగినవాడు మళ్లీ తలెత్తలేదు, అది నడుం నొప్పనుకుంది ఆమె.

ఎండలు గట్టిగానే కాశాయి. అయినా ఒకసారి నాని ఎండిన మిరపకాయకు ఆ రంగు రాదు. కొన్ని నల్లబడ్డాయి, కొన్ని తెల్లగా పాలిపోయి తాలు కాయలయ్యాయి, కొన్నిట్లో లోపల బూజు. బేరగాళ్లు రెండువేళ్లతో పట్టుకొని చూసి కింద పడేసే సరుకు. జంపక్క రోజంతా కూర్చొని ఎర్రవి ఒక పక్కకు, తాలు ఒక పక్కకు ఏరుతుండేది. తాలు కుప్పే పెరుగుతుండేది. జేపీ ఆ దారి మానేసి, తోట చుట్టూ తిరిగి పొలానికి వెళ్లసాగాడు.

సీమంతం నుంచి వచ్చిన పుష్పలత మొదట స్టార్టరు డబ్బా సంగతి అడిగింది. అది బాగానే ఉంది, ఆ సాయంత్రమే సిమ్ము మళ్లీ వేసేశాడు. ఆమె నంబరు నొక్కి చూసింది, మోటారు తిరిగింది. నొక్కింది, ఆగింది.  మర్నాడు వంట చేస్తూ, ఫోన్ పోపుల డబ్బాకు ఆనించి, ఆగి ఆగి వస్తున్నా పై క్వాలిటీలోనే ఆ లైవు వీడియో మొత్తం చూసింది. అన్నం వడ్డించేటప్పుడు చెప్పింది.

"మీరు వెనక్కి చూశారు."

జేపీ నోటి దాకా తెచ్చిన ముద్దను తిరిగి కంచంలో పెట్టాడు. 

 జంపక్కతో తను చెప్పననీ, చెప్పాల్సింది తను కాదనీ మాత్రం అంది పుష్పలత.

ఆ వీడియో తీసేద్దామని రోజూ ఛానల్ తెరిచేవాడు. తెరిచిన ప్రతిసారీ చూసినవాళ్ల సంఖ్య పెరిగి ఉండేది. ఆయన పెట్టిన మిగతా వీడియోలన్నీ చూసినవాళ్లను కలిపినా దీనిలో పావు వంతు లేరు. రూప్‌సింగ్ కూడా బొమ్మ అద్దం లెక్కున్నదన్నా అని మెచ్చుకున్నాడు. తీసెయ్ అన్న మీట మీద వేలు పెట్టి, రేపు తీద్దామని వెనక్కి తీసుకునేవాడు. వాయిదా వేసిన ప్రతిసారీ ఇది మొదటి సిగ్గు కంటే పెద్ద సిగ్గని తెలుస్తూనే ఉండేది. మోటారుకు సిమ్ము లేకపోతే పలకదు. మనిషికి సిగ్గు లేకపోయినా పలుకుతూనే ఉంటాడని ఆ రోజుల్లో తన గురించే ఒక ముక్క తట్టింది. మంచి ముక్క. ఎవరికీ చెప్పలేకపోయాడు.

ఆ వారంలోనే ఒక పొద్దున జంపక్క ఇంటికి వచ్చింది. అరుగు మీద కుర్చీ వేస్తే వద్దని మెట్టు మీద కూర్చుంది. చేతుల నిండా మిరప ఘాటు. పుష్పలత మంచినీళ్లిచ్చి గుమ్మంలో నిలబడింది. జేపీ నవారు మంచం అంచున కూర్చున్నాడు, చెంబు నీళ్ల వైపు చూస్తూ.

కోడలు శ్రావణి పుట్టింటి నుంచి ఫోన్ చేసిందని చెప్పింది జంపక్క. జేపీ బాబు వీడియోలో మన కళ్లం మస్తుగ కనబడుతున్నదత్తా అని చెప్పిందట. తన దగ్గరున్నది మీటల ఫోను, దాంట్లో బొమ్మలు రావు.

"ఖరాబు గాకముందు తీసినవంట గదా. గిప్పుడు కుప్ప సూస్తె నా కాయ గిట్లనే ఉండెనా, లేకుంటె నేనే మంచిగుండెనని అనుకుంటున్ననా అనిపిస్తున్నది. ఒక్కపారి సూపియ్యి బాబు. ఎట్లుండెనో సూసి పోత."

 జేపీ ఫోన్ తీసి వీడియో పెట్టి ఆమె చేతికిచ్చాడు. ఇంట్లో సిగ్నల్ సంగతి తెలిసిందే. వీడియో తనంతట తనే అన్నిటికంటే అడుగు క్వాలిటీకి దిగిపోయింది. నూట నలభై నాలుగు. బొమ్మంతా గళ్లు. జేపీ ముఖం నానబెట్టిన అటుకుల ముద్ద, దాని వెనక ఎర్రటి మరక ఒకటి. ఆయన గుండె మీద బరువు కాస్త జారింది. ఈ బొమ్మలో ముఖం ఎటు తిరిగిందో దేవుడికి కూడా తెలియదు. మాట కూడా అక్కడక్కడా తెగిపోతోంది.

జంపక్క ఫోనును దగ్గరికి పెట్టుకుంది, దూరం పెట్టుకుంది, ఎండ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"గిదేనా? కాయ కనబడ్తలేదు. నెత్తురు పూసినట్టున్నది."

మా దగ్గర నెట్టు ఇంతే అక్కా. ఈ ఐదు మాటలు చాలు. అబద్ధం కూడా కాదు. ఆమె నమ్మి లేచి వెళ్లిపోతుంది. వాటిని అనడానికి ఆయన నోరు తెరిచాడు. ఎప్పుడూ ఆయన కంటే ముందుండే నోరు అది. గుమ్మంలో పుష్పలత కదల్లేదు, దగ్గలేదు, ఆయన వైపు కూడా చూడలేదు.

"ఇటియ్యి అక్కా," అన్నాడు.

తెర మూలనున్న చక్రం గుర్తు నొక్కితే అంకెలన్నీ కింద నుంచి పైకి బారుగా నిలబడ్డాయి. రెండువందల నలభై. మూడువందల అరవై. నాలుగువందల ఎనభైలో కాయలు కొంచెం తెలుస్తాయి, ముఖం అంతగా తెలియదు. అక్కడ వేలు ఆగింది. మధ్యేమార్గం. మరీ అంత మోసం కాదు, మరీ అంత నిజమూ కాదు. జంపక్క ఆయన వేలి వైపే చూస్తోంది, ఆ అంకెలేమిటో తెలియక. వేలు పైకి జరిపి వెయ్యిన్ని ఎనభై నొక్కాడు.

బొమ్మ ఆగిపోయింది. చక్రం తిరగసాగింది. జంపక్క ఓపికగా కూర్చుంది. ఆయన మంచం దిగి ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. చక్రం తిరుగుతూనే ఉంది. ఇప్పటికీ ఆపొచ్చు. ఆపలేదు.

బొమ్మ వచ్చింది.

జంపక్క ముఖం విచ్చుకుంది. ఒక్కో కాయ తొడిమెతో సహా, ఎండ పడ్డ చోట మెరుస్తూ, అలికిన నేల మీద ఎర్రగా. చూసినవా పుష్పమ్మా అని గుమ్మం వైపు తిరిగి పిలిచింది. ఆ మూలవి రెండో కోతవి, ఇవి మొదటి కోతవి, ఇక్కడ కొంచెం మందంగా పోసిన, తిరగెయ్యాలనుకున్న అని వేలితో చూపిస్తూ చెప్పుకుపోయింది. నేననుకున్నదాని కన్న మంచిగనే ఉండె అంది. చదరంలో మాట్లాడుతున్న జేపీని ఆమె పట్టించుకోలేదు. వీడియోలోని జేపీ మన మిర్చి అన్నప్పుడు పక్కనున్న జేపీ తల దించుకున్నాడు. ఆమె నవ్వి, మీది మాది ఏమున్నది అంది.

బొమ్మ మధ్యమధ్య ఆగుతూ, చక్రం తిరుగుతూ, మళ్లీ కదులుతూ సాగింది. ఎరుపు వెనక గట్టు మీద ఏదో తళుక్కుమంది. జంపక్క మాటలాపింది. నీళ్లు పాకడం తెలుస్తోంది. అప్పుడు చదరంలోని మనిషి మెడ తిప్పాడు. పూర్తిగా తిప్పాడు. అరవై ఫ్రేముల్లో ఏదీ తప్పిపోలేదు. చూడటం, చూసి తెలుసుకోవడం, తెలుసుకొని ముందుకు తిరగడం. ఆ తర్వాత మాట. రానివ్వండి, రానివ్వండి.

జంపక్క ఫోనును ఇంకా అలాగే పట్టుకొని ఉంది.

"సూసినవ్," అంది. అడిగినట్టు లేదు.

"చూశా అక్కా. డబ్బా పాడవలేదు. మోటారు సిమ్ము నేనే తీశా, దీనికోసం. నీళ్లు నీ కాయ దాకా రాకముందే చూశా."

ఆమె తిడుతుందని ఎదురుచూశాడు. గూడెం తిట్లు ఆయనకు తెలుసు, ఏడు తరాలను లేపి నిలబెడతాయి. ఒక్కటి పడినా పట్టుకొని నిలబడటానికి ఆసరాగా ఉండేది. ఆమె ఆయన ముఖాన్ని చూసింది. ఆ రోజు కొంగుతో తుడవబోయిన ముఖమే. తర్వాత లేచి, చీరకు అంటిన దుమ్ము దులుపుకుంది. ఫోను మెట్టు మీద, ఆయన పక్కన, జాగ్రత్తగా పెట్టింది.

"ఇంకో కోత ఉన్నది. అది ఆరబోసినప్పుడు భీమయ్యను కూలికి పోవద్దని చెప్త. కళ్లం కాడ ఆయనుంటడు. నువ్వు సూడకు బాబు."

పుష్పలతకు మాత్రం ఎప్పటిలాగే పోయొస్త పుష్పమ్మా అని చెప్పి, ఖాళీ చెంబు ఆమె చేతికిచ్చి, పెరటి దారిన కాకుండా పెద్ద దారిన వెళ్లింది. పెరటి దారి వాళ్ల చెలకకు దగ్గర. ఇన్నేళ్లుగా ఆమె ఆ దారినే వచ్చేది, ఆ దారినే పోయేది.

జేపీ మెట్టు మీదే ఉండిపోయాడు. వీడియో ఎవరూ ఆపలేదు. అందులో ఆయన ఆఖరి సాలు కోసేసి, చేతులు రెండూ పైకెత్తి, పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. బొమ్మ ఎక్కడా ఆగలేదు, ఎక్కడా మసకబారలేదు.